కొత్తవారి ప్రశ్న ఇద్దరికే సంబంధించినది కాదు

“సార్, నా ప్రోగ్రామ్ రన్ కావడం లేదు. రేపే సబ్మిషన్. ప్లీజ్ హెల్ప్.” ఏ సాంకేతిక చర్చావేదిక తెరిచినా ఇలాంటి ప్రశ్న ఒకటైనా కనబడుతుంది. దాని కింద జవాబు కూడా ఇంచుమించు ఒకే తీరులో ఉంటుంది: “ముందు గూగుల్‌లో వెతకండి. ఇంత చిన్న విషయం ఇక్కడ అడుగుతారా?” అడిగినవారు మళ్ళీ ఆ వైపు రారు. మందలించినవారు తమ పనిలో పడిపోతారు. ఆ ప్రశ్న, ఆ మందలింపు మాత్రం అక్కడే ఉండిపోతాయి. ఆరు నెలల తర్వాత అదే ఎర్రర్ ఎదురైన మరో విద్యార్థి నిజంగానే గూగుల్‌లో వెతుకుతాడు. వెతికితే మొదట దొరికేది ఆ పేజీయే. అక్కడ అతనికి కనిపించేది “గూగుల్‌లో వెతకండి” అన్న మాట.

కొత్తవారు ప్రశ్న ఎలా అడగాలి, తెలిసినవారు జవాబు ఎలా చెప్పాలి అనే చర్చ సాధారణంగా ఈ ఇద్దరి తప్పొప్పుల దగ్గరే ఆగిపోతుంది. అడిగేవారికి బద్ధకమని ఒకరు, చెప్పేవారికి అహంకారమని ఇంకొకరు అంటారు. నిజానికి బహిరంగంగా అడిగిన ప్రశ్నలో మూడో మనిషి ఒకరుంటారు. వారు ప్రశ్న అడగరు, జవాబు చెప్పరు, తర్వాతెప్పుడో వచ్చి చదువుకుంటారు. అందరికంటే ఎక్కువ మంది వారే. సాంకేతిక వేదికల మర్యాదలన్నీ ఆ మూడో మనిషి కోసమే ఉన్నాయని గుర్తిస్తే, ఏ నియమం అవసరమో, ఏది వట్టి కరకుదనమో తేల్చుకోవడం కష్టం కాదు.

ముగియని సెప్టెంబరు

ఈ మర్యాదల చరిత్ర ఇప్పటి వెబ్‌సైట్ల కంటే పాతది. 1980లో అమెరికాలోని డ్యూక్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కంప్యూటర్ల మధ్య యూజ్‌నెట్ మొదలైంది. క్రమంగా అది పెద్ద చర్చావేదికల సముదాయంగా ఎదిగింది. అక్కడ ఏటా సెప్టెంబరులో ఒక ఇబ్బంది వచ్చేది. అమెరికాలో విద్యా సంవత్సరం మొదలయ్యే కాలమది. కొత్తగా చేరిన విద్యార్థులు ఒక్కసారిగా వచ్చి, అప్పటికే ఎన్నోసార్లు జవాబు చెప్పిన ప్రశ్నలనే మళ్ళీ అడిగేవారు. పాతవారు కొన్ని వారాలు ఓపిక పట్టి వారికి అక్కడి పద్ధతులు నేర్పేవారు. 1993–94 ప్రాంతంలో అమెరికా ఆన్‌లైన్ వంటి వాణిజ్య సంస్థలు తమ చందాదారులకు యూజ్‌నెట్‌ను అందుబాటులోకి తెచ్చాక కొత్తవారి రాక ఏడాది పొడవునా సాగింది. పాతవారు దానికి ‘ముగియని సెప్టెంబరు’ అని పేరు పెట్టారు. ఇప్పుడు ప్రతి వెబ్‌సైట్‌లో కనిపించే ‘తరచూ అడిగే ప్రశ్నలు’ అనే జాబితా బాగా అలవాటైంది ఆ వేదికల్లోనే.

1999లో ప్రోగ్రామర్ సైమన్ టాథమ్, సాఫ్ట్‌వేర్‌లోని దోషాన్ని ఎలా నివేదించాలో వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. 2001లో ఎరిక్ రేమండ్ తెలివిగా ప్రశ్నలడగడం ఎలా అనే మార్గదర్శిని వెలువరించారు. రెండూ ఇప్పటికీ చదవదగినవే. ముందుగా వెతకండి, ఏం ప్రయత్నించారో చెప్పండి, శీర్షికలో సమస్యను స్పష్టంగా రాయండి అనే సూచనలకు కాలదోషం పట్టలేదు. అయితే రేమండ్ మార్గదర్శిని ఇంకో పాఠం కూడా చెప్పింది. కటువైన జవాబు వచ్చినా నొచ్చుకోకూడదట. చాలా వేదికల్లో మొదటి పాఠం మరుగున పడి, ఈ రెండోదే ఆచారంగా మిగిలింది.

2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ ప్రారంభించిన స్టాక్ ఓవర్‌ఫ్లోలో మూడో మనిషికే పెద్దపీట వేశారు. మంచి జవాబుకు ఓట్లు వేసి పైకి తెస్తారు. ఒకసారి అడిగిన ప్రశ్నను మళ్ళీ అడిగితే పాత జవాబుకు ముడిపెట్టి మూసేస్తారు. వెతుక్కుంటూ వచ్చేవారికి ఇది వరం. మొదటిసారి అడిగేవారికి మాత్రం ముఖం మీద తలుపు వేసినట్టు ఉంటుంది. తమ వేదిక చాలామందికి, ముఖ్యంగా కొత్తవారికి, మహిళలకు, శ్వేతజాతీయులు కానివారికి ఆదరణ లేని చోటుగా అనిపిస్తోందని 2018 ఏప్రిల్‌లో ఆ సంస్థే బహిరంగంగా ఒప్పుకుంది. కొత్తగా చేరినవారి పేరు పక్కన ఒక గుర్తు పెట్టి, వారితో సౌమ్యంగా మాట్లాడమని సభ్యులకు చెప్పే ఏర్పాటు అదే ఏడాది వచ్చింది. నియమాలు మంచివైనంత మాత్రాన వాటిని అమలు చేసే తీరు మంచిదైపోదని అంత పెద్ద వేదికకు పదేళ్ళకు గానీ తెలియలేదు.

కనబడని అక్షరం

అడిగేవారి నుంచి ఖచ్చితమైన వివరాలు ఆశించడం చాదస్తం కాదు. దీనికి తెలుగు లిపి నుంచే మంచి ఉదాహరణ ఉంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం కనబడితే ఐఫోన్లు మొరాయిస్తున్నాయన్న వార్త ప్రపంచమంతా పాకింది. ఆ అక్షరం ‘జ్ఞా’ అని అన్నారు. ‘జ్ఞానం’ అని మామూలుగా టైపు చేసి చూసినవారికి మాత్రం ఏమీ కాలేదు. ఎందుకంటే దోషం ఆ అక్షరంలో లేదు. జ, పొల్లు, ఞ అనే మూడింటి తర్వాత ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే సంకేతం, దాని తర్వాత దీర్ఘం వస్తేనే ఫోన్‌లోని అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేర్ తడబడేది. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో ట, వ కలిసిపోయి ఒత్తుగా మారకుండా తెలుగు టైపు చేసేవారు మధ్యలో పెట్టే సంకేతమే అది. తెర మీద దానికి వెడల్పు ఉండదు, కంటికి కనబడదు. అదే తరహా వరుసలతో బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ దోషం బయటపడుతోందని తర్వాత పరిశీలించినవారు తేల్చారు. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిదిద్దింది.

“తెలుగు రాస్తే ఫోన్ ఆగిపోతోంది” అని ఎవరైనా ఆ రోజుల్లో అడిగి ఉంటే, “మా ఫోన్‌లో బాగానే ఉంది” అన్న జవాబే వచ్చేది. తెరను ఫొటో తీసి పంపినా లాభం లేదు, కనబడని సంకేతం ఫొటోలోకి రాదు. చేత్తో మళ్ళీ టైపు చేసి పంపినా అది జారిపోతుంది. ఉన్న వరుసను ఉన్నట్టు కాపీ చేసి, ఏ యాప్‌లో, ఏ వెర్షన్‌లో జరిగిందో చెబితేనే మరొకరు దాన్ని తమ దగ్గర జరిపించి చూడగలరు. స్క్రీన్‌షాట్ వద్దు, కోడ్‌ను, ఎర్రర్ మెసేజ్‌ను అక్షరం పొల్లుపోకుండా పెట్టండి అని సాంకేతిక వేదికలు పట్టుబట్టడానికి కారణం ఇదే. రేపు వెతుక్కుంటూ వచ్చే మనిషి కూడా ఎర్రర్ మెసేజ్‌లోని మాటలతోనే వెతుకుతాడు. ఫొటోగా పెట్టిన మెసేజ్ చాలాసార్లు ఆ వెతుకులాటకు దొరకదు.

అయితే ఈ కారణాన్ని కొత్తవారికి చెప్పేవారు అరుదు. “ఫొటో పెట్టొద్దు” అన్న ఆదేశం మాత్రమే వారికి వినబడుతుంది. కారణం చెప్పని నియమం పెత్తనంలా తోస్తుంది. కారణం ఒక్క వాక్యంలో చెబితే చాలు, అది పాఠమవుతుంది.

అడిగింది ఒకటి, కావాల్సింది ఇంకొకటి

జవాబు చెప్పేవారి నేర్పు తెలిసేది ఇంకో చోట. ఆర్డువినో బోర్డుకు ఎల్ఎం35 ఉష్ణోగ్రత సెన్సర్ తగిలించిన ఒక విద్యార్థి ఇలా అడిగాడనుకుందాం: “1023ను 30గా మార్చే సూత్రం చెప్పగలరా?” లెక్క ప్రకారం జవాబు తేలిక. 34తో భాగిస్తే 30 వస్తుంది. ఆ జవాబు చెప్పేస్తే విద్యార్థి సంతోషంగా వెళ్ళిపోతాడు. గది ఎంత వేడెక్కినా, ఎంత చల్లబడినా అతని తెర మీద 30 డిగ్రీలే ఉంటుంది.

“ఈ 1023 మీకు ఎక్కడి నుంచి వచ్చింది?” అని ఎదురు అడిగినవారు మాత్రం అసలు సంగతి పట్టుకుంటారు. ఎల్ఎం35 ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. 30 డిగ్రీలకు 300 మిల్లీవోల్టులు. ఆర్డువినో ఊనో బోర్డు 5 వోల్టులను 1024 మెట్లుగా విడగొడుతుంది, అంటే ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. ఆ లెక్కన రావాల్సింది 61 దరిదాపుల్లో ఉండాలి. 1023 వస్తోందంటే ఆ పిన్నుకు దాదాపు పూర్తి 5 వోల్టులు చేరుతున్నాయని అర్థం. చాలావరకు వైరు తప్పు పిన్నుకు వెళ్ళి ఉంటుంది. కొత్తవారు తమకు వచ్చిన అసలు ఇబ్బందిని వదిలేసి, దాన్ని దాటడానికి తాము ఊహించిన దారి గురించి అడగడం ఇలాంటి వేదికల్లో నిత్యం జరిగేదే. ఏమీ తెలియని దశలో అది సహజం. ఏది సమస్యో తెలిస్తే సగం పని అయిపోయినట్టే కదా!

అందుకే “ఇది తప్పు ప్రశ్న” అని తీసిపారేసే జవాబు కంటే “మీరు చేయాలనుకుంటున్నది ఏమిటి?” అని అడిగే జవాబు మేలైనది. ఇలా అడగడంలో మర్యాద ఉంది. అంతకంటే ముఖ్యంగా, దోషాన్ని పట్టుకునే పద్ధతి ఉంది. వైద్యుడు రోగి అడిగిన మాత్ర రాసివ్వడు, ముందు నొప్పి ఎక్కడో అడుగుతాడు.

‘డౌట్’ అంటే అనుమానమా?

భారతదేశం నుంచి అడిగేవారికి వీటికి తోడు మరికొన్ని చిక్కులున్నాయి. “ఐ హ్యావ్ ఎ డౌట్” అని మన విద్యార్థులు రాసే వాక్యమే తీసుకోండి. మన తరగతి గదుల్లో డౌట్ అంటే సందేహం, అంటే అడిగి తెలుసుకోవాల్సిన విషయం. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో చదివేవారికి ఆ మాట అపనమ్మకంలా వినిపిస్తుంది. తమ మాటను శంకిస్తున్నారేమోనని వారు అనుకుంటారు. ‘సార్’ అన్న సంబోధన కూడా అంతే. ఇక్కడ అది గౌరవం. పేరుతో పిలుచుకునే చోట అది వింతగా ఉంటుంది, జవాబిచ్చేది మహిళ అయితే ఇబ్బందిగా కూడా ఉంటుంది. ‘అర్జెంట్’ అన్న మాట మనవైపు వేడికోలు. జీతం లేకుండా జవాబిచ్చేవారికి అది హుకుంలా తోస్తుంది. ఈ మూడూ విద్యార్థులు మానుకోగలిగినవే, ఎవరో ఒకరు ఒక్కసారి చెబితే చాలు. వీటిని చూసి నవ్వుకునేవారు ఒక్క సంగతి గమనించాలి. ఆ విద్యార్థి ఇంగ్లిష్ బలహీనంగా ఉందంటే ఆలోచన బలహీనంగా ఉందని కాదు. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో అడిగేవారు రెండు పనులు ఒకేసారి చేస్తున్నారు. ఏం తప్పు జరిగిందో అర్థం చేసుకోవడం ఒకటి, దాన్ని తమది కాని భాషలో చెప్పడం ఇంకొకటి.

తరగతి గది నుంచి మోసుకొచ్చిన భయం వేరే ఉంది. “ఇంత కూడా తెలియదా?” అన్న మాట వినకుండా చదువు పూర్తి చేసినవారు మన దేశంలో తక్కువ. ఆ మాట పడకూడదని విద్యార్థులు అసలు ప్రశ్నను దాచి, గొప్పగా వినిపించే మరో ప్రశ్న అడుగుతారు, లేదా ఊరుకుంటారు. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారి కోసం న్యూయార్క్‌లో నడుస్తున్న రికర్స్ సెంటర్‌లో ఒక నియమం ఉంది. ఎవరైనా తమకు ఫలానా విషయం తెలియదని చెప్పినప్పుడు ఆశ్చర్యం నటించకూడదు. “అదేంటి, అది తెలియదా!” అన్న మాట వల్ల అవతలివారు కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదని, అన్నవారికి తామెంత తెలిసినవారో చూపించుకోవడానికి తప్ప అది పనికిరాదని ఆ నియమం వెనుక ఉన్న ఆలోచన. మన ప్రయోగశాలల తలుపుల మీద రాసిపెట్టుకోదగ్గ నియమమిది.

జవాబు చెప్పేవారి అలసట

అలాగని జవాబు చెప్పేవారి కష్టాన్ని తక్కువ చేయకూడదు. వారిలో ఎక్కువమంది ఉద్యోగం ముగిశాక, తమ సొంత సమయంలో ఈ పని చేస్తారు. 2020 అక్టోబరులో ఏం జరిగిందో చూడండి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు మార్పులు పంపితే అప్పట్లో టీషర్టు ఇస్తూ వచ్చిన హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమం ఏటా జరుగుతుంది. ఆ ఏడాది ఒక్కసారిగా పనికిరాని మార్పులు వరదలా వచ్చిపడ్డాయి. వివరణ పేజీలో ఒక విశేషణం చేర్చడం, ఒక చుక్క తీసేయడం వంటివి వేల సంఖ్యలో చేరాయి. అలా చేసి చూపించిన భారతీయ యూట్యూబ్ పాఠం ఒకటి అప్పట్లో చర్చకు వచ్చింది. ఇష్టపడి ముందుకొచ్చిన ప్రాజెక్టులకే పోటీని పరిమితం చేస్తూ నిర్వాహకులు ఆ నెల మొదటి వారంలోనే నిబంధన మార్చారు. విద్యార్థులకు బటన్ నొక్కడం నేర్పి, అవతల చదివేది ఒక మనిషని నేర్పకపోతే ఫలితం ఇలాగే ఉంటుంది. ఆ నెలలో నిజమైన ప్రశ్నతో వచ్చిన విద్యార్థి కూడా ఆ విసుగును భరించాల్సి వచ్చి ఉంటుంది.

అలసినవారికి ఒక మంచి దారి ఉంది. జవాబు చెప్పకుండా ఊరుకోవడం. ఏ వేదికలోనూ ఎవరూ జవాబు బాకీ లేరు. ఓపిక లేని రోజున ఆ ప్రశ్నను ఇంకొకరికి వదిలేస్తే సరిపోతుంది. పాత జవాబుకు లింకు ఇవ్వడం తప్పు కాదు, దానితోపాటు “మీ సమస్య ఇదే, రెండో జవాబు చూడండి” అని ఒక వాక్యం రాయడానికి అర నిమిషం పట్టదు. ప్రశ్నను మూసేయడం వేరు, అడిగినవారి నోరు మూయించడం వేరు. కొత్తవారిని కరవకండి అని అర్థం వచ్చే మార్గదర్శకం వికీపీడియాలో చాలా ఏళ్ళుగా ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో అందరూ కలిసి మాట్లాడుకునే పేజీకి ‘రచ్చబండ’ అని పేరు పెట్టుకున్నారు. ఊళ్ళో రచ్చబండ దగ్గర నిలబడే హక్కు అందరిదీ. ఎవరైనా అక్కడ తెలుగులోనే తమ ఇబ్బంది చెప్పుకోవచ్చు.

యంత్రం కోప్పడదు

ఈ చర్చ ఇప్పుడు మరింత అవసరం కావడానికి కారణం ఉంది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైంది. అది రాసిచ్చిన జవాబులను పెట్టకూడదని కొద్ది రోజులకే స్టాక్ ఓవర్‌ఫ్లో నిషేధించింది. ప్రశ్నలు మాత్రం తగ్గుముఖం పట్టాయి. చాట్‌జీపీటీ అంతగా అందుబాటులో లేని రష్యన్, చైనీస్ వేదికలతో పోల్చి చూస్తే, మొదటి ఆరు నెలల్లో స్టాక్ ఓవర్‌ఫ్లోలో రాతలు సుమారు 25 శాతం తగ్గాయని 2024లో ‘పీఎన్ఏఎస్ నెక్సస్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం తెలిపింది. తగ్గినవి నాసిరకం ప్రశ్నలే అయితే బాధ లేదు. కానీ మిగిలిన వాటి నాణ్యత పెరిగిన దాఖలా ఆ అధ్యయనంలో కనబడలేదు. మంచివీ చెడ్డవీ కలిసే తగ్గాయన్నమాట.

కొత్తవారు యంత్రాన్ని ఆశ్రయించడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అది అర్ధరాత్రి కూడా పలుకుతుంది, తెలుగులో అడిగినా పలుకుతుంది, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. అయితే అక్కడ దొరికిన జవాబు ఆ ఒక్కరి తెర మీదే ఉండిపోతుంది. అది తప్పయితే సరిదిద్దడానికి ఇంకొకరు చూడరు, ఒప్పయితే మూడో మనిషికి చేరదు. ఇలాంటి యంత్రాలు నేర్చుకున్నవాటిలో మనుషులు ఒకరికొకరు బహిరంగంగా చెప్పుకున్న జవాబులూ ఉన్నాయి. రేపు కొత్త పరికరం, కొత్త దోషం వచ్చినప్పుడు వాటి గురించి ఎవరూ బయట మాట్లాడుకోకపోతే యంత్రానికైనా ఎక్కడ తెలుస్తుంది? ఇంగ్లిష్‌లో ఇప్పటికే పెద్ద నిల్వ ఉంది. తెలుగులో ఆ నిల్వ చాలా చిన్నది. కాబట్టి తెలుగులో బహిరంగంగా అడిగిన ఒక్కో ప్రశ్నకు, ఓపికగా చెప్పిన ఒక్కో జవాబుకు విలువ ఎక్కువ. కొత్తవారితో సౌమ్యంగా ఉండటాన్ని దయగా చూడనక్కర్లేదు. అందరికీ పనికొచ్చే చెరువులో పూడిక తీసే పని అది.

రికార్డు పుస్తకంలోనే ఉంది

ప్రశ్న అడగడం నేర్పే పాఠం మన కాలేజీల్లో ప్రత్యేకంగా ఉండదు. దానికి కావాల్సిన నమూనా మాత్రం ప్రతి విద్యార్థి చేతిలోనే ఉంది. ఫిజిక్స్ ప్రయోగశాల రికార్డులో వరసగా రాసేవి ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలనలు, ఫలితం. మంచి సాంకేతిక ప్రశ్నలో ఉండాల్సినవీ ఇవే. ఏం చేయాలనుకున్నారు, ఏ పరికరంతో, ఏ వెర్షన్‌తో చేశారు, ఏ వరసలో చేశారు, ఏం కనబడింది, ఏం రావాలని అనుకున్నారు. ఇంటర్ నుంచి ఈ పుస్తకం నింపుతున్న విద్యార్థికి అదే పద్ధతిలో ప్రశ్న రాయవచ్చని చెప్పేవారు లేక, “రన్ కావడం లేదు సార్” దగ్గర ఆగిపోతున్నాడు. ప్రోగ్రామింగ్, ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలల్లో పని చేయని ప్రయోగం మీద ఒక మంచి ప్రశ్న రాసినందుకు కూడా మార్కులు ఇస్తే సెమిస్టరులోనే తేడా కనబడుతుంది. ఇలా రాస్తున్నప్పుడే సగం మందికి తప్పెక్కడో తట్టి, అడగాల్సిన పని లేకుండా పోతుంది.

అడిగినవారికి చివరి బాధ్యత ఒకటుంది, చాలామంది మరిచిపోయేది. సమస్య తీరాక “సాల్వ్ అయింది, థాంక్స్” అని రాసి వెళ్ళిపోతే తర్వాత వచ్చేవారికి మిగిలేది ఏమీ లేదు. “సెన్సర్ మధ్య పిన్నుకు పెట్టాల్సిన వైరు పక్క పిన్నుకు పెట్టాను, సరిచేశాక 61 వస్తోంది” అని ఒక్క వాక్యం రాస్తే చాలు. నిన్నటిదాకా అడిగిన మనిషి ఆ వాక్యంతో జవాబు చెప్పేవారిలో చేరిపోతాడు.